రెస్ట్‌లో ఉన్న ఇల్లు

నేను రైలింజను నడిపినన్నాళ్లూ పగటిపూట మా ఇంట్లో కుక్కర్ విజిల్ వెయ్యలేదు. బాగ్‌బేరాలో డ్రైవర్ల ఇళ్లన్నీ అంతే. రాత్రంతా బండి నడిపి వచ్చినవాడు పడుకుంటే దాన్ని రెస్ట్ అంటారు. దానికి ఇల్లంతా కాపలా. మా ఆవిడ పప్పు గిన్నెలోనే ఉడకబెట్టేది. గాజులు పైకి ఎగదోసుకుని అంట్లు తోమేది. అందులో తప్పు లేదు, నిద్రలేనివాడి చేతికి బండి ఇవ్వకూడదు. కానీ నేను మేలుకుని ఉన్నప్పుడు కూడా ఆవిడ గొంతు కాస్త పెరిగితే "అబ్బా" అని విసుక్కునేవాణ్ణి. సెలవు రోజునా అంతే. రిటైరయ్యాకా అంతే.

బీగిల్ కుక్కని తెచ్చింది ఆవిడే. అగ్రికో కాలనీలో ఎవరో బదిలీ మీద వెళ్లిపోతూ వదిలించుకోబోతే, ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చేసింది. గుమ్మంలోనే అది మెడెత్తి ఊళ పెట్టింది. నేను ముఖం చిట్లించాను. ఆవిడ నవ్వింది.

"అరవనీ. ఈ ఇంట్లో ఒకరైనా నోరెత్తాల కదేటి."

ఆవిడ పోయి ఏడాది దాటింది. కుక్క ఇప్పటికీ ముక్కు నేలకానించి, తోకాడిస్తూ, వంటింటి నుంచి పెరట్లో బట్టలుతికే రాయి దాకా వాసన పట్టుకుంటూ పోతుంది. అక్కడ వాసన తెగిపోతుంది కాబోలు, గొంతెత్తుతుంది. మొరగడం కాదు, పొడుగ్గా సాగే కేక.

పోయిన వేసవిలో పక్కింటి అమ్మాయి గోడ మీంచి పిలిచింది. వాళ్లాయనా రైలు డ్రైవరే.

"బాబాయ్, అది కుక్కా, ఇంజను హారనా? మా ఆయన రెస్ట్‌లో ఉన్నాడు. రాత్రికి మళ్లీ బండెక్కాల. నువ్వెరగనిదేటి?"

"ఊరుకోబెడతానమ్మా."

"రోజూ అదే మాట చెప్తన్నావు. గమ్హరియాలో మా అన్నయ్య గోడౌన్‌కి కుక్క కావాలంతన్నాడు. ఇచ్చేయ్ బాబాయ్, నీకూ పరేషానీ తప్పుద్ది."

ఇవ్వలేకపోయాను. మర్నాడు మూతికి కట్టే పట్టీ కొనుక్కొచ్చి కట్టాను. కుక్క రాయి దాకా వెళ్లి, మెడెత్తి, లోలోపలే మూలిగి, తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర పడుకుంది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని గుర్తుపట్టాను. ఇన్నేళ్లూ నేను నిద్రపోయింది ఇందులోనే. ఆవిడ మేలుకుని కూర్చున్నదీ ఇందులోనే.

పట్టీ విప్పేసి పక్కింటి గేటు దగ్గరికి వెళ్లాను.

"మీ ఆయన పడుకునే ముందు నాకో కేకెయ్యమ్మా. దీన్ని తీసుకుని బయటికి పోతాను."

"ఈ ఎండలోనా! పిచ్చేటి బాబాయ్ నీకు?"

ఇప్పుడు ఆ అమ్మాయి కేకేస్తే గొలుసు పట్టుకుని బయలుదేరతాను. ఖర్కాయి ఏటి ఒడ్డున ఆ వేళ మనుషులుండరు. కుక్క ఇసుకంతా వాసన చూస్తూ తిరిగి తిరిగి, ఏమీ దొరక్క, ఊళ పెడుతుంది. నేను ఆపను. ఒక్కోసారి నాకూ ఆవిణ్ణి గట్టిగా పిలవాలనిపించి నోరు తెరుస్తాను. కాపురం చేసినన్నాళ్లూ "ఇదిగో" అన్నానే తప్ప పేరుతో పిలిచి ఎరగను. పేరు గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. కుక్క కాసేపు నా వైపు చూసి, మళ్లీ ముక్కు నేలకానిస్తుంది.