నాలుగు వందల ఆటల డబ్బా

నా కూతురు బైబిల్లోని పెద్ద కీర్తన ఒకటి తప్పు లేకుండా అప్పజెప్పింది. బహుమానంగా పెద్దపల్లిలో అరచేతిలో పట్టే వీడియోగేమ్ కొన్నాను. దుకాణదారు మా చర్చి సంఘంవాడే.

"నాలుగు వందల ఆటలున్నయ్ అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఇంట్లో చూస్తే ఉన్నవి ఎనిమిదే. అవే వేరే అంకెలతో మళ్లీ మళ్లీ వస్తున్నాయి.

"బాపూ, నేను గూడ ఒక్క వచనమే మళ్లమళ్ల చెప్తే ఒప్పుకుంటుంటివా?" అని పిల్ల ఏడ్చింది.

వాపసు తీసుకోమంటే దుకాణదారు నవ్వాడు. "గంత అగ్గువకు ఇంకేమొస్తది?"

పగ తీర్చడం దేవుని పని అని నాకు తెలుసు. అయినా కోత పండుగ దాకా కాచుకున్నాను. ఆ రోజు సంఘం తెచ్చిన కానుకలను చర్చిలో వేలం వేస్తారు. వేలం నడిపేది ఆ దుకాణదారే. గుమ్మడికాయల మధ్య ఆ డబ్బా పెట్టాను. దాన్ని చేతిలోకి తీసుకుని అతను ఆగిపోయాడు.

"అండ్ల ఎన్ని ఆటలున్నయ్ బిడ్డా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

బలిపీఠం ముందు అతని నోట అబద్ధం రాలేదు. "ఎనిమిది."

"కొనొచ్చునా మరి?"

"వద్దవ్వా" అన్నాడు తల దించుకుని.

నా కూతురు పకపకా నవ్వింది.

మరుసటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. అతనితో రాజీపడితే గానీ వాటిని తీసుకోవడానికి ముందుకు వెళ్లకూడదు. నాకింకా పశ్చాత్తాపం కలగలేదు. లేవకుండా నా చోటనే కూర్చున్నాను.