తొమ్మిది వందల గింజలు

2005 అక్టోబరులో మేమిద్దరం నెబ్రాస్కా పడమటి కొసన ఉన్న ఒక చిన్న ఊరికి చేరాం. జనం తగ్గిపోతున్నారని ఆ ఊరివాళ్లు, ఇల్లు కట్టుకుని ఉంటామన్న వాళ్లకు స్థలం ఉచితంగా ఇస్తున్నారు. అంతకుముందు మేమున్న షామ్‌బర్గ్ నగరంలో మావారి ఉద్యోగం పోయి అప్పటికి మూడేళ్లు. ఆయన గుంటూరు వైపు మిరప రైతు కొడుకు. స్థలం వెనక రెండెకరాలు దొరికేసరికి ఆయనకు మళ్లీ నారుమడి కట్టాలనిపించింది.

మాతో ఒక చిన్న గుడ్డ మూట ఉంది. అందులో మా మామగారు పోవడానికి ముందు ఏడాది, 2004లో, తన చివరి పంట నుంచి తీసిన మిరప విత్తనం. వాళ్లింట్లో తాతల నాటి నుంచి ఏటేటా తీసి దాచుకుంటున్న రకం. ఆయన పోయాక పొలం ప్లాట్లయింది. ఊళ్లో అందరూ కంపెనీ విత్తనమే వేస్తున్నారు. ఆ రకం ఇక ఆ మూటలోనే మిగిలింది. నేను లెక్కపెట్టాను. తొమ్మిది వందల గింజలు. ఇక్కడ ఒక్క పంట ఎర్రగా పండితే మళ్లీ విత్తనం చేతికొస్తుంది. మాకు కావలసింది అంతే.

పక్క ఇంటాయన ఇరవై రెండో ఏట ఇంగ్లండ్ నుంచి భార్యతో వచ్చి, ఈ గడ్డి నేలను దున్నుకుని బతికినవాడు. ఎనభై దాటాయి. భార్యను ఇక్కడే పూడ్చాడు. కొట్టం తలుపు లోపలివైపు ఏటేటా తొలి మంచు పడిన తేదీ పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాడు. అది చూశాక ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

మావారు జూన్‌లో నారు పోస్తానంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మార్చిలోనే ఇంట్లో, కిటికీ దగ్గర ట్రేల్లో మొలకెత్తించండి. నేనూ వచ్చిన కొత్తలో, ఇంగ్లండ్‌లో మా నాన్న నాటినట్టే గుడ్ ఫ్రైడే నాడు బంగాళాదుంపలు నాటాను. మూడేళ్లూ చల్లటి నేలలోనే కుళ్లిపోయాయి. దేవుడికి మనమీద కోపమొచ్చిందని మా ఆవిడ ఏడ్చేది."

"తర్వాతేం చేశారు?" అని అడిగాను.

"దేవుణ్ణి వదిలేసి థర్మామీటర్ కొన్నాను."

ఇంటికొచ్చాక మావారు, "ఆయనది దుంప, మనది మిరప. కార్తె తప్పితే మిరప కాస్తుందా? మృగశిరలో నారు పొయ్యాల్సిందే," అన్నారు.

"ఆ కార్తెలు గుంటూరువి కదండీ."

"నక్షత్రాలు గుంటూరువా? అక్కడా ఇక్కడా అవేగా."

"నక్షత్రాలు అవేనండీ. చలి వేరు."

"నీకన్నీ లెక్కలే."

లెక్క కాగితం మీద వేసి చూపించాను. జూన్ 8న నారు పోస్తే నాటేది జూలై 18న. తలుపు మీది తేదీల ప్రకారం సెప్టెంబరు 24కి మంచు. మధ్యలో అరవై ఎనిమిది రోజులు. కాయ ఎర్రబడడానికి వంద కావాలి. ఆయన ఆ కాగితం మీద కాఫీ కప్పు పెట్టుకున్నారు.

2006లో మూడు వందల గింజలు పోశారు. రెండు వందల అరవై రెండు మొలిచాయి. సెప్టెంబరు 22న మంచు పడింది. తెల్లారేసరికి మొక్కలన్నీ ఉడికించిన ఆకుకూరలా వాలిపోయాయి. కాయలు పండుతాయేమోనని మొక్కలు వేళ్లతో సహా పీకి గరాజ్‌లో తలకిందులుగా వేలాడదీశాం. పచ్చికాయలు ముడుచుకుపోయాయి. కోసి చూస్తే గింజలు తెల్లగా, పొల్లుగా ఉన్నాయి.

"ఈ ఏడాది చలి రెండ్రోజులు ముందొచ్చింది," అన్నారు.

"వెనకొచ్చినా చాలదండీ."

2007లో మూడు వందలు, మొలిచినవి నూట నలభై. మంచు సెప్టెంబరు 25. 2008లో రెండు వందల యాభై, మొలిచినవి ముప్పై ఒకటి. మంచు సెప్టెంబరు 19. గింజకు వయసు మీద పడుతోందని 2007లోనే నాకు తెలుసు. నేను రాసుకునే లెక్కల పుస్తకంలో అంకెలు పక్కపక్కనే ఉన్నాయి. ఆయనకు చెప్పకుండా వంద గింజలు తీసి, మార్చిలో కిటికీ దగ్గర పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. ఆయన తండ్రి విత్తనం, ఆయన ఇష్టం అనుకున్నాను. నా మాట నిజమని మంచే చెబుతుందిలే అని కూడా అనుకున్నాను. అది రాయడం ఇప్పుడైనా అవసరం.

2009 మార్చి 15న మావారే ట్రేలు తెచ్చారు. మిగిలిన యాభై గింజల్ని ఒక్కో గుంటలో ఒక్కోటి చొప్పున పెట్టి, దక్షిణం కిటికీ దగ్గర ఉంచారు. మిరప పది రోజుల్లో మొలుస్తుంది. ఇరవై రోజులు చూశాం. ఏప్రిల్ 6న పక్కింటాయన వచ్చి, ఒక గుంటలో మట్టి వేలితో తీసి, గింజను నలిపి చూశాడు. అది పిండిలా పొడైపోయింది.

"బాగానే పెట్టారు. టైము కూడా సరిగ్గానే ఉంది," అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను పుస్తకంలో రాశాను: యాభై, సున్నా.

మావారు మే నెలాఖరు దాకా ఆ ట్రేలకు రోజూ పొద్దున నీళ్లు పోశారు. జూన్ 8న మృగశిర ప్రవేశించిందని నేను చెప్పలేదు. ఆయనా పంచాంగం అడగలేదు. ఆ రెండెకరాల్లో గడ్డి నడుము దాకా లేచింది.