వెనక మెట్ల మీద దేవుళ్లు

వెనక మెట్ల తలుపు ఎందుకు తెరవరని మొన్న అడిగిన పాపానికి, నేను ఎవరితోనో లేచిపోవడానికి దారి వెతుకుతున్నానని మా అమ్మ తేల్చేసింది. నేను అడిగింది టీవీలో అంతరిక్ష సీరియల్ చూసి. అందులో వారం వారం ఓడ తగలబడుతుంది, అందరూ అత్యవసర ద్వారం దాకా పరిగెత్తుతారు, అది మూసుకుపోయి ఉంటుంది. అంత తెలివైనవాళ్లు ముందే చూసుకోరా అని నవ్వేదాన్ని.

ఈ రోజు సాయంత్రం శంషాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ కింద మీటర్ బోర్డు కాలింది. ముందు మెట్ల నిండా పొగ. మా అంతస్తు వాళ్లమంతా వెనక మెట్లకు పరిగెత్తాం. తలుపుకు అడ్డంగా నడుమెత్తు పాత దేవుడి పటాలు! పారేస్తే పాపమని అందరూ ఏళ్లుగా అక్కడే ఆనించి పోతున్నారు.

"బాపూ, జల్ది జరుపు!" అని అరిచాను.

"చెప్పులతోని ముట్టుకుంటరా బిడ్డా? జర ఆగు."

బాపు చెప్పులు విడిచి, ఒక్కో పటాన్నీ కళ్లకద్దుకుని పక్కన పెట్టసాగాడు. వెనకున్నవాళ్లు దగ్గుతూనే వరసగా చెప్పులు విడిచారు. ఇంతలో కింద వాచ్‌మన్ మెయిన్ స్విచ్ ఆపేశాడు, పొగ తగ్గింది.

"చూసినవా, దేవుడే కాపాడిండు," అంది అమ్మ.

ఆ సీరియల్ రాసేవాళ్లకు ఇంత ఊహ ఎక్కడిది? మీ వెనక మెట్ల మీద ఏముందో చూసి చెప్పండి.

ప్రతి పటం వెనకా అది ఎవరి గృహప్రవేశానికి వచ్చిన కానుకో రాసి ఉంది. రేపు పొద్దున ఎవరిది వాళ్ల గుమ్మం ముందు పెట్టేస్తున్నాను. చెప్పులు వేసుకునే.