ఇద్దరమే ఉంటున్నాం

నా తెలివితక్కువతనం రెండు వాటాల్లో కాపురముండేది: ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో. రెండిటికీ ముఖపరిచయం లేదు.

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో ఒక కౌంటీ కోర్టులో పనిచేశాను. అరెస్టయినవాణ్ణి విచారణ దాకా లోపలుంచాలా, డబ్బు కట్టించుకోకుండానే ఇంటికి పంపాలా అన్నది మార్కులు వేసి తేల్చే పద్ధతి అప్పుడే వచ్చింది. స్థిరమైన ఇల్లుంటే ఇన్ని, ఉద్యోగముంటే ఇన్ని. దాన్ని గుమస్తాలకూ, జైలు సిబ్బందికీ, జడ్జీలకూ నేర్పడం నా పని. "ముఖం చూడకండి, మార్కులు చూడండి. ఇంటికి ఫోన్ చేసి రూఢి చేసుకోనిదే ఒక్క మార్కూ వేయకండి" అనేవాణ్ణి. పూచీకత్తు పోయిందని సంబరపడ్డాను. కత్తి ఎక్కడికీ పోలేదు.

ఇంట్లో పాఠం వేరు. ఇద్దరికని తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో ఓనరుకి తెలియకుండా ఆరుగురం ఉండేవాళ్ళం. ఇంగ్లీషులో ఎవరు ఫోన్ చేసినా "ఇద్దరమే ఉంటున్నాం" అని ఆ ఇద్దరి పేర్లే చెప్పాలని అందరిచేతా వల్లె వేయించాను.

ఒక గురువారం జైలు నుంచి వచ్చిన కాగితాల్లో మా ఆరోవాడి పేరు కనబడింది. డ్రైవింగ్ లైసెన్సు కేసులో వాయిదా మరిచిపోయాడట, రోడ్డు మీద ఆపి పట్టుకున్నారు. సోమవారం వాడు కొత్త ఉద్యోగంలో చేరాలి. చేరకపోతే వీసా పోతుంది. మార్కుల కాగితంలో నివాసం ఎదురుగా సున్నా. పక్కన మా గుమస్తా రాత: 'ఫోన్ చేశాను. అలాంటి మనిషి లేడన్నారు.'

ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తింది మాలో అందరికన్నా బుద్ధిమంతుడు.

"పొద్దున ఎవరైనా చేశారా?"

"ఎవరో వైట్ లేడీ అన్నయ్యా. రెండుసార్లు అడిగింది. టూ పీపుల్ ఓన్లీ అన్నా. అస్సలు స్లిప్ కాలేదు."

డైరెక్టరు దగ్గరికెళ్ళి నిజం చెప్పాను. "ఈ మనిషి నాతోనే ఉంటాడు."

"సిబ్బంది తమవాళ్ళకి సాక్ష్యం చెప్పకూడదని నేర్పింది నువ్వే" అన్నాడాయన, ఫైలు మూసేస్తూ. "కాగితానికి స్నేహితులుండరు."

మధ్యాహ్నం జడ్జి మార్కులు చూశాడు, ముఖం చూడలేదు. మంచి విద్యార్థి. వాడు మాత్రం నావైపే చూస్తున్నాడు. మళ్ళీ వాయిదా బుధవారానికి, అప్పటిదాకా లోపలే.

శనివారం జైల్లో అద్దానికి అటువైపు కూర్చున్నాడు. గడ్డం మాసింది. "సోమవారానికి వదిలేస్తారుగా అన్నయ్యా? నీ సిస్టమే కదా" అన్నాడు. నా వెనక ఇనుప తలుపు పడిన చప్పుడుకి ఉలిక్కిపడ్డాను. వాడు పడలేదు. రెండు రోజుల్లోనే అలవాటైపోయింది.

బుధవారం వదిలారు. ఉద్యోగం వేరేవాడికిచ్చేశారు. నెల తిరిగేసరికి వాణ్ణి విమానమెక్కించి వచ్చాను.

తర్వాతి శిక్షణ తరగతిలో బోర్డు మీద పేరు లేని కేసొకటి రాశాను. ఊరికి వచ్చి మూడు నెలలు. భార్యతో విడిపోయి మోటెల్లో ఒంటరిగా మకాం. ఫోన్ చేస్తే, అతిథుల సంగతి బయటికి చెప్పం అన్నారు మోటెల్‌వాళ్ళు. ట్రాఫిక్ కేసులో ఒక వాయిదా తప్పాడు. ఫోన్ సంగతి తప్ప అన్నీ మా డైరెక్టరు కాఫీ దగ్గర నాతో చెప్పుకున్నవే. ఆయన ముందు వరుసలోనే ఉన్నాడు.

"లోపలే ఉంచుదామనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాను.

జడ్జీలెత్తారు, జైలువాళ్ళెత్తారు. ఇంకా ఎత్తలేదేమని అందరూ తనవైపు చూస్తుంటే డైరెక్టరు చెయ్యి కూడా లేచింది, భుజం దాకా.