మొదటి ఆదివారపు రొట్టె

మాణిక్యమ్మక్క పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె మీద కోపం కాదు, ఆమెకు జరిగినదాని మీద. తిరువూరులో ఈ సంగతిని ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. అక్క విశ్వాసంలోంచి జారిపోయిందని మా ప్రార్థన మందిరంలోనే కొందరంటున్నారు. జారిపోయింది ఎవరో నేను చెబుతాను, వినండి.

అక్క జాకెట్లు కుడుతుంది. నేను ఆమె ఇంట్లోనే ఉంటూ హుక్కులు, కాజాలు కుడతాను. భర్త జోజప్ప పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఎదురింట్లో నాగలత గారు. ఆమె భర్త శ్రీరాములు గారికి మెయిన్ రోడ్డు మీద మ్యాచింగ్ సెంటరుంది. అక్కడ జాకెట్టు గుడ్డ కొన్న ఆడవాళ్లని నాగలత గారు సరాసరి మా అక్క దగ్గరికి పంపేవారు. అలా మొదలైన స్నేహం ముదిరి, ఇద్దరూ ఒకరి వంటింట్లోకి ఒకరు అడక్కుండా వెళ్లేదాకా వచ్చింది. కోమట్ల ఇంట్లో అంత చనువేమిటని ఊళ్లో మూతులు విరిచిన వాళ్లున్నారు. నాగలత గారు లెక్కచేసేవారు కాదు.

అక్కకి నాగలత గారు కాకుండా ఇంకొకటే ఉండేది, ప్రభువు బల్ల. నెలలో మొదటి ఆదివారం మా మందిరంలో అందరం రొట్టె విరిచి, ద్రాక్షరసం తాగుతాం. ఆ రొట్టె చేసేది అక్కే. గోధుమపిండి, నీళ్లు, అంతే. పులవనివ్వదు, ఉప్పు కూడా వెయ్యదు. దానికోసమే ఒక చిన్న పెనం విడిగా పెట్టుకుంది. ఆ పెనం మీద నేను ఒకసారి ఆమ్లెట్టు వేసుకున్నానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అక్క పుట్టింది వినగడపలో, ఆర్‌సీఎం వాళ్లు. వాళ్ల నాన్న అంతోనయ్య కేథలిక్ చర్చిలో ఉపదేశి. చిన్నప్పటి నుంచి ఫాదరు గారి దగ్గర పాపసంకీర్తనం, అంటే చేసిన తప్పులు చెవిలో చెప్పుకోవడం, అలవాటు. జోజప్ప పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు మా ఏసోబు పాస్టరు గారు ఇంటింటి కూడికకి వచ్చి, “దేవుడికీ నీకూ మధ్య ఏ మనిషీ అక్కర్లేదమ్మా, క్రీస్తు ఒక్కడే చాలు” అన్నారు. ఆ మాట ఆమెని పట్టేసింది. సాగర్ కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకుంది.

మా మందిరం బయటి గోడ మీద మా విశ్వాసమంతా నీలం రంగుతో రాయించారు. బైబిలు దేవుడి మాట, అందరూ పాపం చేసినవారే, మన మంచిపనుల వల్ల కాదు కృప వల్లే రక్షణ, ప్రభువు మళ్లీ వస్తాడు, ఇలా. మేమంతా ఆ గోడ కింద చెప్పులు విడిచి లోపలికి పోయేవాళ్లం. అక్క మాత్రం ప్రతి ఆదివారం నిలబడి మొత్తం చదివి లోపలికొచ్చేది. వర్షం పడుతున్నా సరే. నేను గొడుగు పట్టుకుని విసుక్కునేదాన్ని.

నాగలత గారికి క్యాన్సరని తెలిసింది మొన్న వేసవిలో. మందులు ఎక్కించాక జుట్టంతా ఊడిపోయింది. నెమలి ఊళ్లో వేణుగోపాలస్వామికి ఏదో మొక్కు ఉందట. పెళ్లిళ్ల సీజను, శ్రీరాములు గారికి షాపు వదిలే వీలు లేదు. కూతురు అర్చనకి పరీక్షలు. “నన్ను పట్టుకుని మెట్లెక్కించడానికైనా రావే మాణిక్యం” అని అడిగితే అక్క ఆటో ఎక్కింది. గుడి లోపలికి వెళ్లలేదు, చెప్పుల దగ్గరే కూర్చుంది. నాగలత గారు దర్శనం చేసుకొచ్చి, పులిహోర ముద్ద చేసి, నాకోసం ఒక్కటి తినమని నోటి దాకా తెచ్చారు. అక్క నోరు తెరిచింది. నేనైనా తెరిచేదాన్ని.

మాకు అది తప్పే. విగ్రహాల ముందు పెట్టింది తినకూడదని మా బోధ. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అక్కకి నిద్ర లేదు, మిషను మీద కుట్టు వంకర పోతోంది. దేవుడితో చెప్పుకున్నావు కదా, ఇంకెవరితో పనేంటని నేను కసిరాను. కానీ చిన్నప్పటి అలవాటు, ఒక మనిషి చెవిలో పడితే గాని ఆమె బరువు దిగదు. పాస్టరు గారు ప్రార్థనకి ఇంటికొచ్చినప్పుడు మొత్తం చెప్పేసింది. నేను అక్కడే కూర్చుని కాజాలు కుడుతున్నాను. ఆయన కళ్లు మూసుకుని ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

“దేవుడు క్షమించేశాడమ్మా. ఆయన ఇక దాన్ని గుర్తుపెట్టుకోడు. నువ్వూ మర్చిపో” అన్నారు.

ఆ సాయంత్రం అక్క కడుపునిండా అన్నం తింది. పాట పాడుకుంటూ జాకెట్టు కత్తిరించింది. ఆమెని అంత తేలిగ్గా చూసి ఎన్నాళ్లయిందో అనుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం విజయవాడ నుంచి ఎవరో పెద్ద బోధకుడు గారు మా మందిరానికి వచ్చారు. ఆయన ముందు మన సంఘం ఎంత కట్టుబాటుగా ఉందో చూపించాలని మా పాస్టరు గారి తాపత్రయం కాబోలు. విగ్రహాల గురించి ప్రసంగం ఎత్తుకున్నారు. చెప్పి చెప్పి, “ఎక్కడో కాదు, మన మధ్యే” అన్నారు. పేరు చెప్పారు, ఊరు చెప్పారు, పులిహోర కూడా చెప్పారు. మాణిక్యమ్మ గారు మూడు నెలలు బల్లకి దూరంగా ఉండాలని, ఆ ఎదురింటి గడప తొక్కకూడదని, ఇదంతా ఆమె ఆత్మ కోసమేనని ప్రకటించారు. మంచి పనే చేస్తున్నాననుకున్నారు, అదే నాకు ఇంకా మంట.

అక్క తలెత్తలేదు. ఆమె పొద్దున్నే చేసి తెచ్చిన రొట్టె తెల్ల గుడ్డ కింద బల్ల మీదే ఉంది. పళ్లెం వరస వెంట వస్తూ ఆమెని దాటి నా చేతికొచ్చింది. కూడిక అయ్యాక పాస్టరమ్మ గారు వచ్చి, రొట్టె మాత్రం మానొద్దు సిస్టర్, నీలాగా ఎవరికీ కుదరదు అన్నారు. చెయ్యాలి గాని తినకూడదు, ఇదెక్కడి న్యాయమండీ? దారంతా నేను తిట్టిపోస్తూనే ఉన్నాను.

“రొట్టె ప్రభువుది మేరమ్మా, పాస్టరు గారిది కాదు” అంది అక్క. మళ్లీ తనే, “బల్ల కూడా పోతే నాకేముంది?” అంది.

అంతే, చెప్పింది చెప్పినట్టు పాటించింది. అదే నేను మింగలేకపోతున్నాను. ఎదురింటి కిటికీలో నాగలత గారు కూర్చుని మా గుమ్మం వైపే చూస్తుంటే, అక్క మిషనుని గుమ్మం దగ్గర్నుంచి లోపలి గదిలోకి జరిపించింది. వెలుతురు చాలక కళ్లు నీళ్లు కారేవి. అర్చన వచ్చి, అమ్మ ఒక్కసారి రమ్మంటోంది అత్తా అని అడిగితే, కొన్నాళ్లాగి వస్తానని చెప్పి పంపేసింది. నాగలత గారు చిక్కిపోయి జాకెట్లు వదులైపోతే అర్చన చేత పంపించారు. అక్క వాటిని ఒళ్లో పెట్టుకుని, ఎంత లోపలికి కుట్టాలో కొలిచి చూసుకుంది. కుట్టినవి నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

నాగలత గారు జాకెట్లు చూడలేదు. నా మొహం చూశారు. “నా చేతి ముద్ద తిన్నందుకేనా?” అని అడిగారు.

కుట్టుపని ఎక్కువగా ఉందండీ అన్నాను. ఆమె నమ్మలేదని నాకు తెలుసు. ఇంటికొచ్చి అక్కకి ఆ మాట చెప్పి, వెళ్లు, బల్ల ఎక్కడికీ పోదు, ఆ మనిషి పోతుంది అని గట్టిగా అరిచాను. అక్క బైబిలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. దేవుడి సేవకుడు చెప్పిన మాట దాటితే దేవుణ్ణి దాటినట్టేనంది. మధ్యలో ఏ మనిషీ అక్కర్లేదన్న ఆయనే అడ్డంగా నిలబడితే, పాపం ఆమె ఆయన్నే దేవుడనుకుంది. వచ్చే మొదటి ఆదివారానికి మూడు నెలలూ నిండుతాయి, ఆ రోజు బల్లలో చెయ్యి వేసి తిన్నగా నాగలత దగ్గరికే వెళతానంది.

నాగలత గారు ఆగలేదు. ఆ ఆదివారానికి ముందు బుధవారం పొద్దున పోయారు. పాడె లేచేటప్పుడు అక్క మా గుమ్మంలోనే నిలబడింది. శ్రీరాములు గారు ఒక్కసారి ఇటు చూసి మొహం తిప్పుకున్నారు.

ఆదివారం అక్క రొట్టె చెయ్యదనుకున్నాను. చేసింది. మందిరం దాకా మోసుకొచ్చింది. గోడ మీద రాసింది మాత్రం చదవకుండా లోపలికెళ్లిపోయింది. పాస్టరు గారు మొహం వెలిగిపోతుండగా, మన సిస్టరు విధేయతతో నిలబడిందని, ఈ రోజు ప్రభువు ఆమెని క్షమించి తిరిగి తన బల్ల దగ్గరికి పిలుస్తున్నాడని చెప్పారు. అందరూ హల్లెలూయ అన్నారు. పళ్లెం ఈసారి ఆమె దగ్గర ఆగింది.

అక్క పళ్లెం పట్టుకుని లేచి నిలబడింది.

“దేవుడు ఆ రోజే క్షమించాడన్నారు కదండీ అయ్యగారూ. ఇక గుర్తుపెట్టుకోడన్నారు. మరి ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్నదెవరండీ?”

గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. పాస్టరు గారు క్రమశిక్షణ అన్నారు, సంఘం మేలు అన్నారు, ప్రేమతోనే చేశామన్నారు. ఇంకేదో వాక్యం కోసం పేజీలు తిప్పారు.

“నాగలత పిలిస్తే వెళ్లలేదండి. మీ నోట దేవుడే చెప్పాడనుకున్నాను” అంది.

పళ్లెం నా చేతిలో పెట్టింది. ముక్క తీసుకోలేదు. బయటికి నడిచి చెప్పులేసుకుంది. నేను ఆ పళ్లేన్ని పక్కనున్న వాళ్ల ఒళ్లో పడేసి ఆమె వెనకే పరిగెత్తాను. ఇంటికి పోలేదు ఆమె. తిన్నగా ఎదురింటికి వెళ్లి, గడప బయటే నిలబడి తలుపు తట్టింది. అర్చన తీసింది. ఏడ్చి ఏడ్చి దాని మొహం వాచిపోయి ఉంది.

“ఇప్పుడెందుకొచ్చావత్తా?” అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అడిగింది.

అక్క ఆ మెట్టు మీదే కూలబడింది.