అష్టమి నాడు బయల్దేరే మేష్టారు

పోయిన బుధవారం తెల్లవారుజామున మా కింద వాటా మేష్టారు పోయారు. పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే, వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి "నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ఆయన గురించి మంచిమాటలు చెప్పేవాళ్ళు విజయవాడలో చాలామందే ఉన్నారు. నేను చెప్పాల్సింది మాత్రం వేరే ఉంది.

కంకిపాడు దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారాయన. రిటైరైనవాళ్ళు స్థలమో పొలమో కొంటారు. ఈయన రెండు కయాక్‌లు కొన్నారు. కయాక్ అంటే ఒకళ్ళో ఇద్దరో కాళ్ళు చాపుకుని కూర్చుని తెడ్డేసుకుంటూ పోయే సన్నటి ప్లాస్టిక్ పడవ. ఆదివారాలు చర్చికి, శనివారాలు కృష్ణకు. వన్ టౌన్‌లో మా స్టేషనరీ కొట్లో పెన్నుల పెట్టెల మధ్య పొద్దు గడిపే నన్ను ముప్పై ఐదో ఏట ఆ పడవెక్కించింది ఆయనే. మొదటిరోజు గట్టు వదలగానే కేకలు పెట్టాను. "అరవండమ్మా, ఏం ఫర్వాలేదు. అరుస్తూనే తెడ్డెయ్యండి" అన్నారు. అలాగే నేర్చుకున్నాను.

మూడు నెలలకోసారి కయాక్‌లు మినీ లారీ మీద కట్టించి, ఉయ్యూరులో టిఫిన్ చేసి, నాగాయలంక అవతల రేవు దాకా వెళ్ళేవాళ్ళం. అక్కడి నుంచి మడ అడవుల పాయల్లో తెడ్డేసుకుంటూ కృష్ణ సముద్రంలో కలిసేచోటి ఇసుక దిబ్బలు చేరి, ఆ రాత్రికి టెంట్లు వేసుకుని పడుకునేవాళ్ళం. దిబ్బ మీద కాలు పెట్టగానే మేష్టారు ఎండిన నాచూ గవ్వలూ వరసగా పడి ఉన్న గీతను వెతికేవారు. "నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో నీళ్ళే గీసిపెడతాయి. మనం చదువుకోవాలంతే" అనేవారు. టెంటు ఆ గీతకు పైనే.

బయల్దేరే రోజు దగ్గరే గొడవంతా. మేష్టారు గోడమీద క్యాలెండర్లో తిథులు చూసి, అష్టమికో నవమికో ఎర్ర పెన్సిల్ సున్నా చుట్టేవారు. మా అత్తయ్యగారికి ఒళ్ళు మండేది.

"అష్టమి పూట ప్రయాణమేంటండీ మేష్టారూ? మీకు పట్టింపు లేకపోతే లేదు, మాకుందిగా!"

"నాకూ ఉందండీ అక్కయ్యగారూ. మీరు రోజు బాగుందా అని చూస్తారు, నేను సముద్రం బాగుందా అని చూస్తాను. అష్టమికి పోటు తక్కువండీ. పున్నమికీ అమావాస్యకీ నీళ్ళు మీదికొచ్చేస్తాయి."

అత్తయ్యగారు నన్నెలాగో వదిలేసేవారు గానీ, పదకొండేళ్ళ మనవరాలిని మాత్రం అష్టమికి పంపనంటే పంపనన్నారు. పున్నమి వెళ్ళిన విదియ అయితే సరేనన్నారు. మా అమ్మాయి ఏడుపు చూడలేక మేష్టారు ఒప్పుకున్నారు. "విదియ అంటే పెద్ద పోటమ్మా. దిబ్బ నెత్తిమీదే పడుకోవాలి" అని నాకు రెండుసార్లు చెప్పారు కూడా.

మేం ముగ్గురమే వెళ్ళాం. చేరేసరికి సాయంత్రం నాలుగు. నీళ్ళు బాగా వెనక్కి పోయి, ఇసుక మైదానంలా ఉంది. మేష్టారు మాకు పైన టెంటు వేసిచ్చి, గాలి తగలకుండా దిబ్బ వెనక పొయ్యి పెట్టుకున్నారు. నాకేమో టెంట్లోంచే చంద్రోదయం చూడాలని సరదా పుట్టింది. ఆయనతో ఒక్క మాటైనా చెప్పకుండా టెంటు పీకి గీతకు కిందికి తెచ్చి వేశాను. పెద్ద తెలివైనదాన్నని ఒక కయాక్‌ను కూడా దాని పక్కకే లాగాను. సముద్రంలోంచి చంద్రుడు ఎర్రగా లేచాడు. చాలా బాగుంది, ఆ మాట కాదనను. అమ్మాయి అన్నం తిని టెంట్లో నిద్రపోయింది. నేను పొయ్యి దగ్గరికెళ్ళి కబుర్లలో పడ్డాను.

గిన్నెలు కడగడానికని లేచిన మేష్టారు ఒక్క కేక పెట్టి పరుగెత్తారు. టెంటు నీళ్ళలో నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి మోకాళ్ళ లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళి, టెంటు గుడ్డ చించి పిల్లను భుజానేసుకొచ్చారు. ఉప్పునీళ్ళు మింగి దగ్గుతోంది. కయాక్ వెన్నెల్లో అలా వెళ్ళిపోయింది. ఆయన దానివైపు కూడా చూడలేదు. తన చొక్కా విప్పి పిల్ల తల తుడుస్తూ కూర్చున్నారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు.

తెల్లారాక అటొచ్చిన జాలర్ల పడవలో రేవు చేరి, ఇంటికొచ్చేసరికి పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది. అత్తయ్యగారు "ఏం జరిగింది?" అని నన్ను నిలదీశారు. నేను పిల్లను ఒళ్ళోకి తీసుకుని దుప్పటి కప్పాను. సామాను పట్టుకుని వెనకే మెట్లెక్కిన మేష్టారు, "టెంటు నేనే కింద వేశానండీ. తప్పు నాదే" అన్నారు. ఒళ్ళో ఉన్న నా కూతురు కళ్ళు తెరిచి నావైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

మర్నాడు కిందికెళ్ళి, ఎందుకలా చెప్పారని అడిగాను.

"నామీద కోపమొస్తే ఆవిడ నాతో మాట్లాడరు, అంతేగా. మీమీదొస్తే మీరింక నీళ్ళ మొహం చూడరమ్మా" అన్నారు.

అత్తయ్యగారు నిజంగానే మాట్లాడలేదు, నాలుగేళ్ళు. కూర గిన్నెలు కిందికి దిగడం ఆగిపోయింది. మనవరాలిని ఆయన గుమ్మం తొక్కనివ్వలేదు. ఆయన మాత్రం మెట్ల మీద ఎదురైతే పక్కకు జరిగి "బాగున్నారా అక్కయ్యగారూ" అనేవారు, జవాబు రాదని తెలిసీ. నేనేమో సిగ్గులేకుండా, ఆయన సున్నా చుట్టిన ప్రతి అష్టమికీ వెళ్ళాను. అలలకు ఎదురుగా పడవ తిప్పడం, తడి కట్టెతో పొయ్యి రాజేయడం, భయమేస్తే భయమేస్తోందని పైకి చెప్పడం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. ఆ రాత్రులు లేకపోతే నేను కొట్టుకీ వంటింటికీ మధ్య ఎండిపోయేదాన్ని. మా అమ్మాయి మాత్రం నాతో నది దాకా కూడా మళ్ళీ రాలేదు. ఎందుకు రావని నేనూ అడగలేదు.

శనివారం ఆయన వెళ్ళే చర్చిలో, పోయినవారిని తలుచుకుని ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. అత్తయ్యగారూ వచ్చారు. "పోయినవాళ్ళ మీద కోపమేంటి గానీ, ఆ రాత్రి సంగతి మాత్రం నేను మర్చిపోలేనమ్మాయ్" అంటూనే వచ్చారు. చివరి వరసలో మా అమ్మాయికీ నాకూ మధ్య కూర్చున్నారు. పాస్టరుగారు, ఎవరైనా నాలుగు మాటలు చెబుతారా అని అడిగారు. లేచాను. టెంటు దించింది నేనని, పిల్లను కాపాడింది ఆయనని, నాలుగేళ్ళు నా నింద మోసింది కూడా ఆయనేనని అందరిముందూ చెప్పేశాను.

వచ్చి కూర్చున్నాను. అత్తయ్యగారు నావైపు తిరక్కుండానే, "ఆయనున్నప్పుడు చెప్పాల్సిందమ్మాయ్" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. లేచి, కొంగు సర్దుకుని, అంతమంది మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి ముందు వరసలో మేష్టారి భార్య పక్కన కూర్చున్నారు. ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నారు.

నా పక్కన ఖాళీ అయిన ఆ కుర్చీలోకి మా అమ్మాయి జరిగింది.