గోనెసంచి కింద తమలపాకు తీగ

తడిసిన గోనెసంచి వాసన తగిలితే ఇప్పటికీ మా వరంగల్ ఇంటి పెరడే గుర్తొస్తుంది. ఎనభైల్లో ఒక చలికాలం మా తమలపాకు తీగ నల్లబడి వేలాడిపోయింది. నానమ్మ కాడను గోటితో గీకి, లోపలి పచ్చదనం చూసి, గోనెసంచి కప్పింది.

"పాణమున్నది బిడ్డా. ముట్టకు. ఎండలొస్తే అదే ఇగురు పెడ్తది."

పుట్టిన తమ్ముడు దక్కక అమ్మ అప్పుడు గొంగడి కప్పుకుని లోపలి గదిలోనే పడుకుని ఉండేది. నేను అమ్మను కూడా ముట్టలేదు. చలికాలమంతా గడప ఇవతలే ఒక్కదాన్నే ఆడుకున్నాను.

తీగ చిగురించిన రోజు పరుగెత్తుకెళ్లి అమ్మకు చెప్పాను.

"ఇన్నొద్దులు నా దగ్గరికి ఎందుకు రాలే బిడ్డా?" అంది.

"ఎండలు రావాలె గదా" అన్నాను.

అమ్మ గొంగడి అంచు ఎత్తింది. అందులో నాకు చోటుంది. చలికాలమంతా ఉండే ఉంటుంది.